ఇనుప మోకాలు, మేస్త్రి కుట్టు

చిన్న డాక్టరమ్మ ఆ రోజు నాలుగో టెండన్ కూడా తెంపేసింది.

ఆస్పత్రి వెనక, దుప్పట్లు ఉతికే గది పక్కన, ఒక్క కిటికీ ఉన్న ఇరుకు గదిలో ఆమె ఈ పని చేస్తోంది. బల్ల మీద ఒక లాగుడు యంత్రం. దాని కింది కొండికి లోహపు మోకాలి ముక్క బిగించాలి, దానికి కుట్టిన గొర్రె టెండన్ చివరను పై కొండికి పట్టించాలి. మీట తిప్పితే పై కొండి మెల్లగా లాగడం మొదలుపెడుతుంది. ఎన్ని కిలోల దగ్గర తెగిందో చిన్న అద్దంలో అంకె పడుతుంది. టెండన్ అంటే కండ చివర ఎముకను పట్టుకుని ఉండే తెల్లటి తాడు. మాంసం కొట్లో దాన్ని అందరూ నరం అంటారు. మొదట్లో రెండుసార్లు అది నరం కాదని డాక్టరమ్మ చెప్పబోయింది. కొట్టువాడు "నరం కావాలా వద్దా?" అని కత్తి పైకెత్తేసరికి తనూ నరం అనడమే నేర్చుకుంది.

"ముప్పై తొమ్మిది," అని గొణుక్కుంటూ పుస్తకంలో రాసుకుంది.

విచిత్రమేమిటంటే ఆమె కుట్టు ఎక్కడా వదల్లేదు. లోహపు బెజ్జాల్లోంచి వేసిన దారం వేసినట్టే ఉంది, ముడి ముడిలాగే ఉంది. దారం పట్టుకున్న చోట టెండనే కోసుకుపోయింది, వెన్నలోంచి దారం లాగినట్టు.

పెద్ద డాక్టరు చెప్పిన అంకె వంద. "వంద కిలోలకు తెగకుండా వరసగా పదిసార్లు నిలబెట్టు. వచ్చే ఆపరేషన్‌లో కుట్టు నీ చేతికిస్తాను," అన్నాడాయన. ఆరేళ్లుగా ఆయన ఎడమ పక్కన నిలబడి, కొక్కేలతో కండను పక్కకు లాగి పట్టుకోవడమే ఆమె పని. సూది చేతికిస్తానన్న మాట ఆయన నోట రావడం అదే మొదలు. అందుకే ఆమె ఆ మాట విన్నప్పటి నుంచీ గొర్రెల వెంట పడింది.

గొర్రెలు ఇంటిదాకా రావడంతో గొడవ మొదలైంది. ఆస్పత్రిలో ఫ్రిజ్ పాడైతే, రెండు రోజుల కోసమని సరుకు తెచ్చి ఇంటి ఫ్రిజ్‌లో పై అరలో సర్దింది. ఆదివారం పొద్దున ఐసుముక్కల కోసం తలుపు తీసిన అత్తగారు కాసేపు కదలకుండా నిలబడిపోయింది. ఆవిడ పదవీ విరమణ చేసిన హెడ్‌మిస్ట్రెస్. గట్టిగా అరవడం ఆవిడకు అలవాటు లేదు, తప్పు చేసినవాళ్లను దగ్గరికి పిలిచి అడగడమే అలవాటు.

"ఇలా రామ్మా. ఇవేమిటి?"

"గొర్రెవి అత్తయ్యా. మోకాళ్లు."

"గొర్రెవైతే దీని మీద 'ఎడమ, మగ, నలభై నాలుగేళ్లు' అని ఎందుకు రాశావు?"

డాక్టరమ్మ నాలిక కరుచుకుంది. "అది పేషెంటు వివరం అత్తయ్యా. ఏ పేషెంటు కోసం సాధన చేస్తున్నానో గుర్తుకని చీటీ అంటించాను."

"ఆ పేషెంటు పూర్తిగా బయటే ఉన్నాడు కదా?"

"ఉన్నాడత్తయ్యా. నడుస్తున్నాడు కూడా."

"సంతోషం. సాయంత్రంలోగా ఇవి కూడా నడిచి వెళ్లిపోవాలి," అని అత్తగారు తలుపు మూసేసింది. ఐసు లేకుండానే నీళ్లు తాగింది.

ఆ నలభై నాలుగేళ్ల ఎడమ మోకాలి యజమాని సీట్ల మేస్త్రి. బస్సు సీట్లు, స్కూటర్ సీట్లు, డాక్టర్ల కుర్చీలు, పెళ్లివారి సోఫాలు, ఏదైనా ఆయన చేతి మీదుగా వెళ్తే పదేళ్లు చిరగదని పేరు. ఆయన మోకాలి కింది ఎముకలో ఒక గడ్డ పుట్టింది. క్యాన్సర్ కాదు గాని, అది లోపలి నుంచి ఎముకను గుల్ల చేసేస్తోంది. ఎముక పైభాగం తీసేసి లోహపు మోకాలు పెట్టాలి. మోకాలి చిప్ప కింద ఉండే టెండన్‌ను ఆ లోహానికి అతికించాలి. అది పట్టుకుంటేనే కాలు ముందుకు చాచగలడు. ఊడిపోతే కాలు ఉంటుంది గాని చెప్పిన మాట వినదు.

సోమవారం ఆయన భార్యతో సహా వచ్చి కూర్చున్నాడు. డాక్టరమ్మ లోహపు మోకాలి నమూనా బల్ల మీద పెట్టి అంతా ఓపిగ్గా చెప్పింది. మేస్త్రి ఆమె మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నమూనాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, బెజ్జాల్లోకి చిటికెనవేలు దూర్చాడు.

"ఈ బెజ్జాల అంచులు ఎవరు రుద్దారమ్మా?"

"ఫ్యాక్టరీలో చేస్తారు మేస్త్రిగారూ."

"బాగానే రుద్దారు. మెత్తటిదాన్ని దీనికి ఎలా బిగిస్తారు మీరు?"

"కుడతాం."

"కుడతారని తెలుసమ్మా. ఎలా కుడతారు?"

మేస్త్రి భార్య ఆయన మోచెయ్యి గిల్లింది. "ఊరుకోండి. ఆవిడ చదువుకున్నావిడ."

"చదువుకున్నారు సరే. ఇరవై ఆరేళ్ల నుంచి రేకుకు రెగ్జిన్ కుడుతున్నాను నేను. నా మోకాలికి ఎవరో కుట్టేస్తుంటే, కుట్టేమిటో చూడకుండా సంతకం పెట్టమంటావా?"

డాక్టరమ్మ వెళ్లి పెద్ద డాక్టరును అడిగింది. ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండానే "తీసుకెళ్లి చూపించు," అన్నాడు.

"సార్, తెగిపోతే?"

"తెగితే చూస్తాడు. ఆయన కాలే కదా."

అలా ముగ్గురూ ఇరుకు గదిలోకి వెళ్లారు. డాక్టరమ్మ తన జీవితంలోకెల్లా మంచి కుట్టు వేసింది. చేతులు కడుక్కుని, ఊపిరి బిగబట్టి, ముడి మీద ముడి వేసి, మీట తిప్పింది. అద్దంలో అంకె ఇరవై దాటింది, ముప్పై దాటింది. మేస్త్రి భార్య తెలియకుండానే భర్త చెయ్యి పట్టుకుంది. నలభై రెండు దగ్గర "ఫట్" మని చప్పుడైంది. టెండన్ ముక్క ఎగిరి వెళ్లి కిటికీ అద్దానికి అతుక్కుంది.

ఆ ముక్క అద్దం మీద మెల్లగా కిందికి జారుతుంటే ముగ్గురూ దాన్నే చూశారు.

"పదండి ఇంటికి పోదాం," అంది భార్య.

మేస్త్రి కదల్లేదు. "ఒక కుర్చీ ఇవ్వండమ్మా," అన్నాడు. ఆయన మొహం సున్నం కొట్టినట్టు ఉంది. కుర్చీ వేశాక కూర్చుని, తెగిన టెండన్ చేతికిమ్మని, వేళ్ల మధ్య నలిపి చూశాడు. చూస్తూ ఉండగానే మొహంలోకి మళ్లీ నెత్తురొచ్చింది. పని దొరికితే ఆయనకు భయం ఎంతోసేపు నిలబడదు.

"మీ కుట్టు తప్పు కాదమ్మా. కుట్టు ముచ్చటగా ఉంది. మీరు కుట్టిన చోటే తప్పు."

"అంటే?"

"రెగ్జిన్‌కు బెజ్జం పెట్టి నేరుగా రేకుకు తగిలించామనుకోండి, బస్సు మొదటి గుంతలో పడగానే చిరిగిపోతుంది. మేమలా చెయ్యం. ముందు ఒక గట్టి బట్ట పట్టీని రేకుకు చుట్టి బిగిస్తాం. రెగ్జిన్‌ను ఆ పట్టీకి కుడతాం, జానెడు పొడవున, అటూ ఇటూ. అప్పుడు బరువు ఒక్క దారం మీద పడదు. పట్టీ అంతా పంచుకుంటుంది."

డాక్టరమ్మ ఆయన వంక చూసింది. తర్వాత సొరుగులోంచి ఆపరేషన్లలో వాడే నేత పట్టీ తీసింది. లోహం చుట్టూ తిప్పి, టెండన్‌ను దానికి కుట్టి, మీట తిప్పింది. డెబ్భై ఒకటి.

"చూశారా!" అని మేస్త్రి లేచి నిలబడబోయి, మోకాలు గుర్తొచ్చి కూర్చున్నాడు. "మీరు కాస్త జరగండమ్మా. మిగతాది నేను చూసుకుంటాను."

చేతికి తొడుగులు వేసుకుని సూది అందుకున్నాడు. ఆయన వేసిన కుట్లు చూస్తే అచ్చు కొత్త సోఫా అంచులా ఉన్నాయి. వరసగా, సమానంగా, కళ్లకు పండగలా. మీట తిప్పితే ఇరవై ఎనిమిదికే టెండన్ మొత్తం పట్టీలోంచి జారి బయటికొచ్చేసింది.

ఈసారి పకపకా నవ్వింది ఆయన భార్య. ఆస్పత్రికి రావడం మొదలుపెట్టాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

"ఇది తడి సరుకమ్మా," అన్నాడు మేస్త్రి నొచ్చుకుంటూ. "తడి సరుకు నేనెప్పుడూ కుట్టలేదు."

"తడి సరుకు పోగుల వెంబడి పోతుంది మేస్త్రిగారూ. సూది అడ్డంగా వెళ్లి, మెలిక తిరిగి రావాలి. ఇలా." ఈ సంగతి డాక్టరమ్మకు బాగా తెలుసు. ఇన్ని గొర్రెల మీద ఆమె నేర్చుకున్నదే అది.

గంటన్నర గడిచింది. పట్టీ ఎక్కడ చుట్టాలో ఆయన చెప్పాడు, టెండన్‌లో సూది ఎలా తిప్పాలో ఆమె చూపించింది. చివరికి అంకె వంద దాటి, నూట పన్నెండు దగ్గర యంత్రం కొండే జారింది గాని కుట్టు జారలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేస్త్రి అక్కడే, ఆ బల్ల మీదే, కాగితాల మీద సంతకం పెట్టేశాడు.

డాక్టరమ్మ కాళ్లు నేల మీద ఆనలేదు. పెద్ద డాక్టరు గదిలోకి తలుపు కొట్టడం కూడా మర్చిపోయి దూసుకెళ్లి, పట్టీ సంగతి, పంచుకునే బరువు సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. దీన్ని వైద్య పత్రికకు పంపిద్దామంది. మేస్త్రి పేరు కూడా వేద్దామంది.

ఆయన అంతా విన్నాడు. లేచి బీరువా తెరిచి, ఒక పాకెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. లోపల మేజోడులాంటి తెల్లటి వల గొట్టం ఉంది.

"ఇదేమిటి సార్?"

"నీ మేస్త్రి పట్టీ. ముప్పై ఏళ్ల నుంచి వస్తోంది. లోహం మీద తొడిగి, టెండన్‌ను దీనికే కుడతాం."

డాక్టరమ్మ పాకెట్టు చేతిలోకి తీసుకుంది. "మరి నేను ఆరేళ్ల నుంచి..."

"ఆరేళ్లుగా నా పక్కనే ఉన్నావు కదా. చూడలేదా?"

"మీ ఎడమ పక్కన నిలబడ్డాను సార్! అక్కణ్ణుంచి మీ భుజం తప్ప ఏమీ కనపడదు! పుస్తకంలో చూస్తే 'తగిన రీతిలో అతికించవలెను' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు! ఒక్క మాట చెప్తే ఏం పోయేది? ఇరవై ఏడు గొర్రెలు సార్! ఇంట్లో మా అత్తగారు నన్ను హంతకురాల్ని చూసినట్టు చూస్తోంది!"

పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చెప్తే తలూపి పోయేదానివి. ఎందుకు తెగుతుందో ఇరవై ఏడుసార్లు చూశావు. ఇక చచ్చినా మర్చిపోవు." కళ్లజోడు పెట్టుకుని, "నేను నలభై ఒకటి తెంపాను. మా సార్ కూడా చెప్పలేదు," అన్నాడు.

ఆమెకు ఆయన్ని కొట్టాలనిపించింది, దణ్ణం పెట్టాలనిపించింది. రెండూ చెయ్యకుండా పాకెట్టు పట్టుకుని బయటికొచ్చింది.

అసలు కష్టం మేస్త్రికి చెప్పడం. ఆయన కనిపెట్టాననుకుంటున్నది ముప్పై ఏళ్ల పాత సంగతని ఎలా చెప్పాలి? చెప్పకపోతే అబద్ధమాడినట్టు. మర్నాడు ఆయన ఆస్పత్రిలో చేరాక, వార్డులో మంచం పక్కన కూర్చుని, వల గొట్టం చేతిలో పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేసింది. మేస్త్రి ఆ గొట్టాన్ని సాగదీశాడు, వెలుతురుకు పట్టి చూశాడు.

"అంటే చదువుకున్నవాళ్లంతా ఆలోచించి ఆలోచించి, చివరికి నేనన్న చోటికే వచ్చారన్నమాట."

"అవును."

"విన్నావా?" అన్నాడు భార్యతో. ఆ వార్డులో ఇరవై రెండు మంచాలున్నాయి. సాయంత్రానికి ఇరవై ఒక్క మంచాల వాళ్లూ విన్నారు.

"ఇంకో సంగతి మేస్త్రిగారూ. మన కుట్టు ఉండాల్సింది కొన్నాళ్లే. మెల్లమెల్లగా ఈ వల కన్నాల్లోంచి మీ ఒంటి కండ పెరిగి అల్లుకుంటుంది. తర్వాత దారంతో పెద్దగా పనుండదు. మీ ఒళ్లే పట్టుకుంటుంది."

మేస్త్రి వల కన్నాలను వేలితో తడిమాడు. "మా కొట్లోంచి బయటికెళ్లిన ప్రతిదీ ఆ రోజు నుంచీ పాడవడమే అమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "వెళ్లాక గట్టిపడే సీటు నేనెప్పుడూ చూడలేదు."

ఆపరేషన్ గురువారం. బుధవారం రాత్రికల్లా డాక్టరమ్మ వల గొట్టంతో వరసగా పదిసార్లూ వంద కిలోలు నిలబెట్టింది. నడుములో మత్తు ఇచ్చి, మగత మందు కూడా ఇచ్చారు. అందరూ నిద్రపోయాడనుకున్నారు. ఎముక తీయడం, లోహం బిగించడం పెద్ద డాక్టరే చేశాడు. అప్పుడు ఒక అడుగు పక్కకు జరిగి, "రా," అన్నాడు. డాక్టరమ్మ మొదటిసారి కుడి పక్కకు వచ్చింది. అక్కణ్ణుంచి అంతా కనిపిస్తోంది.

వల గొట్టం లోహం మీద తొడిగి కట్టింది. టెండన్‌ను కిందికి లాగి, వల మీద పరిచి, మొదటి సూది దించింది. నాలుగో కుట్టు వేస్తుండగా తెర అవతల నుంచి ముద్దముద్దగా గొంతు వినిపించింది.

"కుట్టుకూ కుట్టుకూ ఎడం సమానంగా పెట్టమ్మా..."

అందరూ ఉలిక్కిపడ్డారు. మత్తు డాక్టరు గబగబా మందు పెంచాడు. పెద్ద డాక్టరు మాస్కు అదరడం ఆమెకు కనిపించింది. ఆయన నవ్వుతున్నాడో తిడుతున్నాడో తెలియలేదు.

పదకొండు కుట్లు. తర్వాత పిక్క కండలో ఒక భాగాన్ని తిప్పి పైన కప్పేశారు. పెద్ద డాక్టరు వేలితో టెండన్‌ను ఒకసారి నొక్కి, "ఊఁ," అన్నాడు. ఆ "ఊఁ"ను ఆమె ఇంటికెళ్లి భర్తకు మూడుసార్లు అనుకరించి చూపించింది.

ఆ తర్వాత ఆరు వారాలు కాలు కర్రలా చాపి ఉంచాలి. తొడ నుంచి చీలమండ దాకా పట్టీల చట్రం బిగించి, ఒక్క డిగ్రీ కూడా మడవకూడదని చెప్పి ఇంటికి పంపారు. ఆ ఇంట్లో తలుపు దగ్గర మలుపు ఉంది, మంచం పక్కన బీరువా ఉంది, స్నానాల గది తలుపు లోపలికి తెరుచుకుంటుంది. నిటారుగా చాచిన కాలుతో మేస్త్రి ఎటు తిరిగినా ఏదో ఒకటి కింద పడేది. మూడో వారంలో భార్య ఫోన్ చేసింది.

"డాక్టరమ్మగారూ, ఈయన కొట్లో దిగారు. మిషన్ తొక్కుతున్నారు."

డాక్టరమ్మ చేతిలో ఉన్నది అక్కడే వదిలేసి ఆటో ఎక్కింది. వెళ్లి చూస్తే మేస్త్రి ఎత్తు స్టూలు మీద కూర్చుని, చట్రం బిగించిన ఎడమ కాలును ఎదుటి సోఫా మీద నిటారుగా చాపి, కుడి కాలితో మిషన్ తొక్కుతున్నాడు.

"మీరు చెప్పింది ఎడమ కాలు గురించే కదమ్మా!"

ఆమె మందుల చీటీ తీసి, "కుడి కాలు కూడా" అని రాసి, కింద సంతకం పెట్టి, ఆయన భార్య చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని మిషన్‌కు ఎదురుగా గోడకు అంటించింది. ఆ రోజు నుంచి మేస్త్రి మంచం మీద, ఆవిడ కొట్లో.

ఆరు వారాలు నిండిన రోజు చట్రం విప్పారు. కాలు సన్నబడి, పాలిపోయి, వేరే ఎవరిదో తెచ్చి పెట్టినట్టుంది. పెద్ద డాక్టరు మంచం పాదాల వైపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేస్త్రిగారూ, మోకాలు వంచకుండా మడమ పైకెత్తండి," అంది డాక్టరమ్మ.

మేస్త్రి పళ్లు బిగించాడు. మెడ నరాలు పొంగాయి. కుడి పాదం వేళ్లు కూడా ముడుచుకున్నాయి. ఎడమ మడమ మాత్రం పరుపు మీంచి కదల్లేదు.

"మళ్లీ."

కదల్లేదు.

పదకొండు కుట్లలో ఏది వదిలింది? మోకాలి చిప్ప కింద అరచెయ్యి ఆనించి, మళ్లీ ఎత్తమంది. లోపల ఏదో సన్నగా బిగిసినట్టు అనిపించింది, అంతలోనే వదులైపోయింది. టెండన్ ఉంది. తొడ కండకే లాగడం ఎలాగో గుర్తు లేదు. కానీ ఆ సంగతి కండకు ఎవరు చెప్పాలి?

"నా వల్ల కాదమ్మా," అన్నాడు మేస్త్రి. కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడవైపు తిరిగాడు.

భార్య ఆయన తల దగ్గరికి వచ్చింది. ఓదార్చాలనుకుంది గాని ఏమనాలో తోచలేదు. తోచక, ఊరికే మాట మార్చింది. "కొట్టు గురించి బెంగ పెట్టుకోకండి. ఆ నల్ల సోఫా వాళ్లు తొందరపెడుతుంటే నేనే కుట్టి పంపించేశాను."

మేస్త్రి తల తిప్పాడు. "నువ్వా? నల్ల సోఫానా? ఏ దారంతో?"

"నల్ల దారం అయిపోయింది. తెల్ల దారంతో."

"తెల్ల దారమా!" అని మేస్త్రి ఒక్క గావుకేక పెట్టి మంచం మీంచి లేవబోయాడు. "నల్ల రెగ్జిన్‌కు తెల్ల దారమా! అందరికీ కుట్లు కనపడవూ? నా పరువు..."

ఇంకా ఏమేమో అంటున్నాడు గాని గదిలో ఎవరూ వినడం లేదు. అందరూ మడమనే చూస్తున్నారు. పరుపుకూ మడమకూ మధ్య రెండు వేళ్ల ఎడం ఉంది. డాక్టరమ్మ అరచేతి కింద టెండన్ బిగిసిన తాడులా నిలబడి ఉంది.

"మేస్త్రిగారూ," అంది ఆమె. "కాలు చూసుకోండి."

ఆయన చూసుకున్నాడు. చూసుకోగానే మడమ దబ్బున కింద పడింది. మళ్లీ ఎత్తాడు. ఈసారి తిట్ల సాయం లేకుండానే ఎత్తాడు.

"ఊఁ," అన్నాడు పెద్ద డాక్టరు. వెంటనే బయటికి వెళ్లిపోయాడు. వరండాలో ఆయన ముక్కు చీదుకున్న చప్పుడు లోపలికి వినిపించింది.

తర్వాతి నెలలు అంత వేడుకగా ఏం గడవలేదు. రోజూ వ్యాయామం, రోజూ నొప్పి, చంకకర్రలు, తర్వాత చేతికర్ర. కాలు పూర్తిగా చాచినా మోకాలి దగ్గర కాస్త వంపు మిగిలిపోయింది. అది పోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ కాస్త వంపు లెక్కలోది కాదని మేస్త్రే ఆమెకు ధైర్యం చెప్పాడు.

ఎనిమిదో నెలలో చూపించుకోవడానికి భార్యాభర్తలిద్దరూ వచ్చి, తిరిగి వెళ్తున్నారు. డాక్టరమ్మ పై అంతస్తు వరండాలో నిలబడి చూస్తోంది. నల్ల సోఫా వాళ్లు తమ చుట్టాలకు కూడా అలాంటి తెల్ల కుట్టు సోఫానే కావాలని మొన్ననే చెప్పి వెళ్లారట. అది ఎవరు కుట్టాలన్నది ఇప్పుడు తగువు.

"అది నా బేరం. నా కోసం వచ్చారు వాళ్లు," అంటూ భార్య నాలుగు మెట్లు ముందు దిగుతోంది.

"కొట్టు ఎవరిదే?" అంటూ మేస్త్రి ఆవిడ వెంట పడ్డాడు. కోపంలో కర్ర చంకలో ఇరికించుకుని, మెట్ల కమ్మీ పట్టుకోవడం కూడా మర్చిపోయి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, గబగబా దిగిపోతున్నాడు. డాక్టరమ్మ పిలవబోయి నోరు నొక్కుకుంది.